గోదావరీతీరపు దసలి శలభము

ప్రాణహితానది కాళేశ్వరమువద్ద గోదావరిలో గలియుచోటికి ఇరుప్రక్కలను వ్యాపించియున్న అడవులలో, అనగా పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు చెందిన చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి ప్రాంతములలోను, ఆవలియొడ్డున పూర్వపు కరీంనగరు జిల్లాలోని మహాదేవపురపు సీమలోను, తొలకరివానలు కురిసి మద్దిచెట్లు లేతాకు తొడిగిన దినములలో, ప్రొద్దుగూకిన పిమ్మట ఒక శలభము తన గూటినుండి వెలికి వచ్చి, ముడుచుకొనియున్న తడిరెక్కలను మెల్లగా విప్పి ఆరబెట్టుకొనును. రెక్కలు చాచినప్పుడు అది జానెడు వెడల్పుండును. ఆడుది సాధారణముగా పసుపువన్నెది; మగది ఎరుపుచాయగల గోధుమవన్నెది. రెండింటికిని ఒక్కొక్క రెక్కమీద, వెలుతురు దూరిపోవునంత పలుచనైన గుండ్రని కన్ను ఒకటి యుండును. ఈ శలభమునకు ఆహారము తీసికొనుటకు పనికివచ్చు నోరు లేదు. పురుగుగా నున్నప్పుడు ఆకు మేసి కూడబెట్టుకొన్న సత్తువయే దాని సర్వస్వము; ఆ సత్తువతోనే వారము పదిదినముల రెక్కలబ్రదుకును గడపి, జతను వెదకికొని, గ్రుడ్లు పెట్టి, రాలిపోవును.

దీనిని శాస్త్రజ్ఞులు అంథీరియా మైలిట్టా అందురు. దీని గూటినుండి తీసిన నూలే మన దసలిపట్టు. వ్యాపారులు దానినే టస్సరు అని వ్యవహరింతురు.

ఈ జాతికి భారతదేశపు అడవులే పుట్టినిల్లు. ఝార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రముల మీదుగా మన గోదావరీతీరమువరకు సాగిన ఆకురాల్చు అడవులు దీని ప్రధానమైన ఆవాసము. ఈ పురుగునుండి పట్టుతీయు పరిశ్రమయు మనదేశముననే నిలిచియున్నది. ఇతరదేశములలో దీనికి జ్ఞాతులు లేకపోలేదు. చీనాదేశములో ఓకుచెట్ల ఆకు మేయు పెర్నీ జాతియు, జపానులోని యామమై జాతియు, మన అస్సాములోనే బంగారువన్నె పట్టునిచ్చు మూగాజాతియు ఒకే వంశపు శాఖలు. మల్బరీ, దసలి, ఎరి, మూగా అను నాలుగు విధముల పట్టును పండించుకొను దేశము ప్రపంచములో మనదొక్కటే. అడవిపట్టుతో మనవారికిగల పరిచయమునకు ప్రాచీనతయు తక్కువది కాదు. హరప్పా, చన్హుదారో త్రవ్వకములలో లభించిన కొన్ని ఆభరణములకు అంటుకొనియున్న సన్నని పోగులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, అవి ఈ వంశపు అడవిపట్టుపురుగుల పోగులని పురాతత్త్వజ్ఞులు 2009లో ప్రకటించిరి. ఆ వస్తువులు క్రీస్తుకు పూర్వము రెండువేలయేండ్లకు పైబడినవి. చీనాపట్టు మనదేశమునకు వచ్చి నేర్పినదాకా పట్టన్న నెట్టిదో మనవారెరుగరను భావము మనలో చాలమందికి నేటికిని కలదు గనుక, ఈ సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకములలో చేరదగినదని నా నిశ్చితాభిప్రాయము.

పాశ్చాత్యశాస్త్రములో దీనికి నామకరణము జరిగినది 1773లో. లండను నగరములో వెండిబంగారముల పనితో జీవించుచు, ఓడలమీద దూరదేశములకు పోవువారిచేత కీటకములను తెప్పించుకొని అద్భుతమైన సంగ్రహము కూర్చిన డ్రూ డ్రూరీ అను నాయన దీనిని తన సచిత్రగ్రంథములో వర్ణించెను. ఐతే ఈ పురుగు ఎట్లు బ్రదుకును, ఏ యాకు మేయును, జనులు దానిని ఎట్లు పెంచుచున్నారు అను విషయములను చక్కగా వ్రాసినవాడు విలియం రాక్స్‌బరో. ఆయన స్కాట్లండు దేశపు వైద్యుడు; ఈస్టిండియా కంపెనీ కొలువులో తెలుగుదేశమునకు వచ్చి, 1781 మొదలు పండ్రెండేండ్లపాటు సామర్లకోటలో ఉండి మన చెట్టుచేమలను పరిశీలించినవాడు. పిమ్మట కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియై, బంగాళపు టస్సరు, ఎరి పురుగులను గూర్చి వ్రాసిన వ్యాసము 1804లో లండనులోని లినేయన్ సంఘమువారి పత్రికలో అచ్చయ్యెను. ఈ పురుగునకు ముఖ్యమైన మేతచెట్లగు నల్లమద్ది, తెల్లమద్దులలో తెల్లమద్దికి నేటి శాస్త్రనామము ఆయన పెట్టిన పేరునుండి వచ్చినదే. ఆ తరువాత 19వ శతాబ్ది ఉత్తరార్ధమున లీక్ పట్టణపు అద్దకపువాడైన థామస్ వార్డిల్, సహజముగా తేనెవన్నె గలిగి రంగునకు సులభముగా లొంగని ఈ నూలునకు అద్దకపుమార్గము కనిపెట్టి, 1878 నాటి పారిస్ ప్రదర్శనములో దానిని లోకమునకు చూపెను.

విశాలమైన మధ్యభారతమంతట ఈ శలభము ఒకే తీరున లేదు. ఏయడవికి తగిన రకము ఆయడవిలో ఏర్పడినది. శాస్త్రజ్ఞులు ఇట్టి ప్రాంతీయ రకములను సుమారు 44 వరకు లెక్కించియున్నారు. సింగభూమి అడవులలోని డాబా, ఒడిశాలోని సుకిందా, సిమిలిపాల్ కొండలలోని మోడల్, బస్తరు సాలవనములలోని రైలీ, మహారాష్ట్రములోని భండారా వీనిలో ప్రసిద్ధములు. మేసెడు ఆకు, అడవి యెత్తు, వేసవి తీవ్రత, పగటి నిడివి మున్నగువానిని బట్టి గూటి పరిమాణము, పోగు నాణ్యము, ఏటికి పుట్టు తరముల సంఖ్య మారుచుండును. ఆదిలాబాదు, కరీంనగరు, వరంగల్లు జిల్లాల అడవులకు మాత్రమే సొంతమైన రకమును శాస్త్రగ్రంథములు "ఆంధ్ర లోకల్" అని పేర్కొనుచున్నవి. తెలంగాణము ప్రత్యేకరాష్ట్రమైన తరువాతను ఆ వ్యవహారమే నిలిచినది. దీని కాయ, అనగా గూడు, బిగువైనది; పోగు మేలైనది. ఇతర రకములు ఇతర రాష్ట్రములలోను దొరకును. ఈ రకము ఈ యడవులలో నశించినచో మరియెక్కడను దొరకదు. ఈ వ్యాసము వ్రాయుటకు నన్ను పురికొల్పిన విషయ మిదియే.

ఈ శలభమును తెలిసికొనుటకు ముందు మద్దిచెట్టును తెలిసికొనవలెను. నల్లమద్ది మన ఉత్తరతెలంగాణపు అడవులలో టేకునకు తోడుగా పెరుగు మహావృక్షము. దాని నల్లని బెరడు మొసలివీపువలె పలకలు పలకలుగా చీలియుండి, వేసవిలో అడవి క్రిందనుండి వచ్చు చిరుమంటలనుండి మ్రానును కాపాడును. దాని కలప బలమైనది. బండ్లకును ఇండ్లకును వాడుదురు. తెల్లమద్ది వాగులయొడ్డున నీటిచెమ్మను ఆశ్రయించి పెరుగును. దాని బెరడు నునుపైనది, తెల్లనిది, పొరలు పొరలుగా రాలునది. ఆయుర్వేదములో హృద్రోగమునకు వాడెడి అర్జునవృక్ష మిదియే. ఈ రెండు చెట్లును ఎండకాలము మొదలగుసరికి ఆకు రాల్చి మోడులై నిలుచును. ఎండలు ముదిరి తొలకరి సమీపించినప్పుడు మరల చిగిర్చును. దసలిపురుగు తన సంవత్సరమును ఈ చెట్టు సంవత్సరముతో సరిపెట్టుకొన్నది. చెట్టు మోడైయున్న మాసములలో అది గూటిలోపల కదలక మెదలక నిద్రించును. చలికాలపు చివర మొదలైన ఆ నిద్ర వానలదాక సాగును. గాలిలో చెమ్మ చేరి, ఆకు లేతయై, తన పిల్లలకు మేత సిద్ధమైనప్పుడే అది మేలుకొనవలెను. తొందరపడి మేలుకొన్నచో పిల్లలకు ఆకుండదు. ఆలస్యమైనచో ఆకు ముదురును. ఈ చిన్నప్రాణి లోపల ఇంత సూక్ష్మమైన కాలజ్ఞానము అమరియుండుట తలచినకొలది ఆశ్చర్యము కలిగించును.

వెలికి వచ్చిన ఆడుశలభము చీకటిలో ఒకచోట నిలిచి తన దేహమునుండి ఒక సూక్ష్మమైన వాసనను గాలిలో వదలును. మగదాని మీసములు ఈకలవలె విశాలములై ఆ వాసనను దూరమునుండియే పసిగట్టును. విత్తనము, అనగా గ్రుడ్లు, కొరవడిన కాలములో, పుట్టిన ఆడుశలభమును దారముతో మద్దికొమ్మకు కట్టి విడిచి, అడవిలోని మగవి రాత్రివేళ వచ్చి జతగూడునట్లు చేయుట పెంపకపువారి పాత పద్ధతి. తెల్లవారిన తరువాత అట్టి తల్లి పెట్టు గ్రుడ్లు నూటయేబది మొదలు రెండువందలయేబది వరకుండును. ఎనిమిది పదిదినములకు తెల్లవారుజామున గ్రుడ్లు పగిలి, పిల్లపురుగులు ముందుగా తమ గ్రుడ్డుపెంకునే కొంత కొరికి తిని, పిమ్మట ఆకునకు ప్రాకును.

అక్కడినుండి తినుటయే పని. నాలుగుమార్లు చర్మము విడుచుచు, ఒక్కొక్కమారు మేను పెంచుకొనుచు, మొదట గోధుమవన్నెగా నున్న పురుగు ఆకుపచ్చయై, ప్రక్కలయందు వెండిచుక్కలు మెరయుచుండగా, మద్దియాకుల మరుగున తలక్రిందుగా కొమ్మను పట్టుకొని వ్రేలాడును. దాని పట్టు ఎంత గట్టిదనగా, బలవంతముగా లాగినచో కాళ్లు తెగునే గాని కొమ్మను వదలదు. కనుకనే పెంపకపువారు పురుగును చేత తీసి మార్చరు, పురుగున్న రెమ్మనే కోసి మరియొక చెట్టునకు తగిలింతురు. వానకాలపు పంటలో ఈ దశ ముప్పది నలుబది దినములు సాగును. చలికాలపు పంటలో ఇంకను ఎక్కువ దినములు పట్టును. మన ప్రాంతము ఎత్తు తక్కువై వెచ్చనిది కావున, ఏటికి రెండు మూడు తరములకు అవకాశము కలదు: తొలకరితో మొదటిది, వానలు వెనుకపట్టినప్పుడు రెండవది, చలికాలములో మూడవది.

గూడు కట్టుట ఈ జీవితములోని మహాకార్యము. పెరిగిన పురుగు మొదట రెండుమూడు ఆకులను దగ్గరకు లాగి పోగులతో కట్టి చాటు చేసికొనును. తరువాత కొమ్మచుట్టును పట్టుతోనే ఒక ఉంగరము అల్లును. ఆ ఉంగరమునుండి ఒక గట్టికాడ దింపును. ఆ కాడకొనను నాలుగైదు సెంటీమీటర్ల పొడవుగల కోలగూటిని అల్లుకొని లోపలనుండి మూసికొనును. ఆకు రాలినను కొమ్మనుండి గూడు రాలదు. గాలివానలకును వేసవిసుడిగాలికిని చెక్కుచెదరదు. గూడు పూర్తియైన పిమ్మట పురుగు లోపల ఒక ద్రవమును విసర్జించును. అందలి సున్నపులవణములు పోగుల నడుమ చేరి గోడను బిగించును. దసలికాయను వ్రేళ్లతో నొక్కి చూచినవారికి దాని గట్టితనము తెలియును. ఇంత గట్టి కోటను కోరగాని పండ్లుగాని లేని శలభము ఎట్లు భేదించుకొని వచ్చును? అది ముఖమునుండి ఒక విధమగు రసమును స్రవించి, కాడ మొదలున్న వైపు గోడను తడుపును. ఆ రసము పోగులను అతికియుంచు బంకను మాత్రమే కరిగించును. వదులైన పోగులను తెంచకయే ప్రక్కలకు త్రోసి అది బయటపడును.

ఈ రంధ్రమునుగూర్చి ఒక మాట చెప్పక తప్పదు. శలభము వెడలిన కాయలో పోగు తెగకున్నను, చిక్కువడి, ఒకే దారముగా విప్పుటకు రాదు. కావున పొడవైన సన్నని నూలు కావలసినచో శలభము రాకమునుపే ఆవిరిలో గాని ఎండలో గాని కాయలోని ప్రాణిని చంపవలసియుండును. రంధ్రము పడిన కాయలనుండి ముతకనూలు తీసి నేయుటయు కలదు. హైదరాబాదుకు చెందిన కుసుమ రాజయ్య శలభమును చంపకయే పట్టునేసి దానికి అహింసాపట్టని పేరు తెచ్చినవారు. విత్తనమునకై ఉంచిన కాయలన్నియు ఎట్లును శలభములను విడుచునవే గనుక, ఆ ముతకనూలు దసలినేతలో మొదటినుండియు ఉన్నదే.

పెంపకపువారి కష్టము పట్నవాసులకు తెలియదు. మల్బరీపురుగును ఇంటిలోపల తట్టలలో పెంచుదురు. దసలిపురుగునకు అడవియే ఇల్లు. చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి, మహాదేవపురముల చుట్టుపట్ల గ్రామములలో గిరిజనులును, నేతకాని మొదలగు పేదకుటుంబములవారును పంటకాలములో మద్దితోపుల నడుమ గుడిసెలు వేసికొని, వడిసెలలు చేతబట్టి రేయింబవళ్లు కావలి కాయుదురు. కాకులును ఇతరపక్షులును, ఉడుతలును తొండలును ఆకుపచ్చని పురుగును తేరగా దొరకిన ఆహారముగా భావించును. చీమలబారు లేతపురుగులను మోసికొనిపోవును. కందిరీగలు, గొల్లభామలు, పురుగు మేనిలో ముక్కు గ్రుచ్చి రసము పీల్చు నల్లులజాతి కీటకములు మరియొక సైన్యము. వీనికంటెను భయంకరమైనది ఊజీ ఈగ: అది పురుగుమీద గ్రుడ్డు పెట్టును, ఆ గ్రుడ్డునుండి పుట్టిన క్రిమి పట్టుపురుగు లోపల ప్రవేశించి దాని దేహమునే మేయును. పసుపువన్నె కందిరీగవంటి మరియొక పరాన్నజీవి కాయను పొడిచి లోపలి పురుగుమీద గ్రుడ్డు పెట్టును. వడగళ్లు, ఎడతెగని ముసురు, అకస్మాత్తుగా కాయు తీవ్రపుటెండ కలిగించు నష్టము వేరు. వానకాలమున వైరసు రోగములు పట్టి, పురుగులు తలక్రిందుగా వ్రేలాడుచు చచ్చును. ఇన్నిటిని దాటి గ్రుడ్లలో సగము కాయలైనను పంట బాగుగ వచ్చినదనియే సంతోషింతురు. లేతపురుగులను నైలాను వలలక్రింద పెంచి, కొంత ముదిరిన తరువాత చెట్లకు ఎక్కించు పద్ధతిని ఇటీవల శాస్త్రజ్ఞులు ప్రచారము చేయుచున్నారు. అది నిస్సంశయముగా మేలైన పద్ధతి.

పట్టుపురుగుల రోగములలో పెబ్రిన్ అనునది తల్లినుండి గ్రుడ్డునకు సంక్రమించునది. 1865లో ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున ఈ రోగము మల్బరీపట్టును సర్వనాశనము చేయుచుండగా, ఆ దేశప్రభుత్వము లూయీ పాశ్చరును అలే పట్టణమునకు పంపెను. గ్రుడ్లు పెట్టిన తల్లిశలభమును నూరి సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించి, రోగబీజము కనబడినచో దాని గ్రుడ్లన్నిటిని నాశనము చేయవలెనని ఆయన నిర్ణయించెను. నేడు చెన్నూరులోని కేంద్ర పట్టుమండలివారి విత్తనకేంద్రములో దసలితల్లులకు చేయుచున్న పరీక్షయు ఆ పద్ధతియే. 1964లో రాంచీలో ఏర్పడిన కేంద్ర దసలి పరిశోధనసంస్థ దసలిపురుగును గూర్చిన పరిశోధనకు మూలస్థానము. వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రవిభాగమువారు, అడవిపురుగైన ఆంధ్ర లోకల్ రకమును ఇంటిలోపల కోసితెచ్చిన రెమ్మలమీద పెంచుటకు వీలగునా అని ఓపికతో పరిశోధించియున్నారు. మన విశ్వవిద్యాలయము మన అడవిలోని ప్రాణిని పరిశోధనావిషయముగా గ్రహించుట ఎంతయు గౌరవించదగిన విషయము.

కాయ కోసిన తరువాతి శ్రమ స్త్రీలది. కాయలను సోడానీటిలో ఉడికించి మెత్తబరచి, నాలుగైదు కాయల పోగులను ఒకటిగా కూర్చి, తొడమీద అరచేతితో పేనుచు నూలు తీయుట తరతరముల పద్ధతి. దినమంతయు అట్లు పేనిన స్త్రీకి చర్మము కందిపోవును, గీసికొనిపోవును. వచ్చెడి కూలి స్వల్పము. ఈ తొడనూలును మాన్పించుటకు కేంద్ర పట్టుమండలివారు ఇటీవల బునియాద్ అను యంత్రమును ప్రవేశపెట్టిరి. సంప్రదాయము పేరిట స్త్రీల శరీరబాధను కొనసాగించుట న్యాయము కాదు. ఈ మార్పు ఎంత శీఘ్రముగా ప్రతియింటికి చేరిన అంత మంచిది.

నేతకు మన ప్రాంతములో పేరుపొందిన ఊరు మహాదేవపురము. 2016లో జిల్లాలు విభజింపబడిన పిమ్మట అది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరినది. అక్కడి మగ్గములమీద దసలిచీరలును పంచెలును నేయుదురు. మల్బరీపట్టునకున్న జిగి దీనికి లేదు. పోగు ఒక్కొక్కచోట లావు, ఒక్కొక్కచోట సన్నము. వన్నె తేనెకును పండిన గోధుమకును నడుమనుండును. తాకిన చేతికి గరుకుతనముతో కూడిన మార్దవము తెలియును. భాగల్‌పూర్, చాంపా పట్టణములకు దసలినేతలో నున్న ఖ్యాతి మహాదేవపురమునకు రాకపోవుటకు నేతలోని లోపము కారణము కాదు. మన తెలుగువారు పోచంపల్లిని, గద్వాలను ఎరిగినంతగా ఈ ఊరిని ఎరుగరు. ఈ పోగునకు నేతను మించిన ఉపయోగమును కూడ కనుగొనిరి. దసలిపట్టులోని మాంసకృత్తుకు జీవకణములు అతుక్కొనుటకు అనుకూలమగు నిర్మాణము సహజముగానే కలదు. మల్బరీపట్టులో అది లేదు. గాయములను మాన్పుటకును ఎముకను, మృదులాస్థిని పునర్నిర్మించుటకును ఈ పట్టును వాడు మార్గములను ఖరగ్‌పూర్ ఐఐటీ శాస్త్రజ్ఞులు విశేషముగా పరిశోధించిరి.

ఇన్ని గుణములున్న రకము ఏల క్షీణించుచున్నది? కారణములు మూడు నాలుగు పెనవేసికొనియున్నవి. మద్దియడవి తరిగిపోయినది, మిగిలిన చెట్లును చెదరియున్నవి. వేసవియెండ అడవితో పాటు గూటిలోని ప్రాణికిని శత్రువైనది: మంచిర్యాల, రామగుండము ప్రాంతములు దేశములోని మిక్కిలి వేడియైన తావులలో చేరినవి, మే మాసపు వడగాలికి గూటిలో నిద్రించు ప్రాణులు కొన్ని మాడిపోవును, కొన్ని అకాలమున మేలుకొని ఆకులేని కాలములో శలభములై వ్యర్థమగును. ఆడువియు మగవియు ఒకే రాత్రులలో వెలువడకుండుటయు కలదు. ఇట్లు విత్తనము తగ్గినకొలది, రైతు బ్రదుకుట ముఖ్యము గనుక, ఎక్కువ గ్రుడ్లు పెట్టి నమ్మకముగ కాయనిచ్చు డాబారకపు విత్తనమును ఝార్ఖండునుండి తెప్పించి మన మద్దులమీద పెంచుట వాడుకయైనది. ఆ పనిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. ఏటి పంట పోయిన కుటుంబమునకు శాస్త్రీయశుద్ధిని గూర్చి ఉపదేశించుట ధర్మము కాదు. కాని దాని ఫలమును మనము ఎరుగవలెను. డాబాశలభమును మన అడవిశలభమును జతగూడగలవు. ఒకే తోపులో రెండు రకములు తరతరములు కలిసినచో, వేలయేండ్ల ఎండకు తాళి మన అడవిలో ఏర్పడిన రకము కరిగిపోయి, తిరిగి వేరుపరచుటకు వీలుపడని స్థితి వచ్చును. వేసవి నానాటికి ముదురుచున్న కాలములో, వేడియడవిలోనే పుట్టిపెరిగిన రకమును పోగొట్టుకొనుట వివేకమగునా?

ఇందుకు మార్గము లేకపోలేదు. బస్తరులో రైలీ రకమునకై కొన్నియేండ్లుగా ఒక చక్కని పద్ధతి నడచుచున్నది: అడవికాయలను సేకరించి, అడవిలోనే శిబిరము వేసి, శలభములను వెలువడనిచ్చి, జతగూర్చి, గ్రుడ్లు పెట్టు ఆడుశలభములను తిరిగి ఆ సాలవనములలోనే విడుచుచున్నారు. ఒడిశాలో మోడల్ రకమును సిమిలిపాల్ కొండలలో అడవిలోనే కాపాడుటకు యత్నములు జరిగినవి. మన గోదావరీతీరమునను ఇట్టి శిబిరములు నడపుటకు కావలసిన అనుభవము చెన్నూరు, మహాదేవపురపు పెంపకపువారికి తండ్రితాతలనుండి వచ్చినది; శాస్త్రజ్ఞులు చెన్నూరులోను వరంగల్లులోను ఉన్నారు. కావలసినది మద్దితోపు, దానిమీద నిశ్చింతమైన హక్కు. 2006 నాటి అటవీహక్కుల చట్టము చిన్నతరహా అటవీఫలముల వివరణములో దసలిని, పట్టుకాయలను పేరుపెట్టి చేర్చినది. అనగా అడవిమీద ఆధారపడిన కుటుంబములు వీనిని సేకరించుకొనుటకు చట్టము అంగీకరించినది. ఆ హక్కు కాగితముమీదనుండి తోపులోనికి రావలెను. మద్దిచెట్టు తనదను ధైర్యము కలిగిన రైతే కొన్ని కాయలను కోయక విడుచును; రేపు ఎవరు కోసికొందురో తెలియనివాడు విడువడు.

కావున ప్రభుత్వమునకు, అటవీశాఖకు, పట్టుమండలికి చేయు మనవి ఇది: చెన్నూరు, మహాదేవపురపు అడవులలో ఒక్కొక్క మద్దివనమును ఆంధ్ర లోకల్ రకమునకై ప్రత్యేకింపుడు, అందులో డాబావిత్తనము పెట్టనీయకుడు, తొలకరిలో అక్కడ వెలువడు శలభములను ముట్టక విడువుడు, ఆ వనముల కావలిని ఆ యూళ్ల దసలి పెంపకపువారికే కూలియిచ్చి అప్పగింపుడు. పాఠకులు చేయవలసిన సహాయము చిన్నది. పెండ్లికో పండుగకో పట్టు కొనునప్పుడు మహాదేవపురపు దసలివస్త్రము కావలెనని అంగడివానిని అడుగుడు.